ఒక్కరి భుజం మీద ఊరంత బరువు

సిద్దిపేటలో టెన్నిస్ బంతి తెలియని పిల్లవాడు ఉండడు. బడి వదిలాక, ఆదివారం పొద్దున, కాస్త ఖాళీ జాగా కనబడితే చాలు, ఆ బంతితోనే క్రికెట్ మొదలవుతుంది. టెన్నిస్ బాల్ టోర్నమెంట్లని బ్యానర్లు కట్టి మరీ ఆడతారు. బంతి ఊరూరికీ చేరింది, ర్యాకెట్ మాత్రం చేరలేదు. నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో ఆ ర్యాకెట్ పట్టినవాళ్ళు వింబుల్డన్ దాకా వెళ్ళారు, ప్రపంచంలో మొదటి స్థానానికి ఎక్కారు. ఆ దారిలో వాళ్ళు పడ్డ మానసిక క్షోభ గురించి మాట వచ్చినప్పుడల్లా మనం దాన్ని వాళ్ళ గుండెబలం లెక్కనే చూశాం. గట్టివాళ్ళు నిలబడ్డారని, మెత్తనివాళ్ళు పడిపోయారని తేల్చేశాం. ఈ ఆట ఇక్కడికి వచ్చిన తీరునూ, అది బతుకుదెరువుగా మారిన క్రమాన్నీ వరసగా చూస్తే ఆ మాట నిలవదు. క్షోభ ఆటగాడి స్వభావంలో లేదు, వృత్తి నిర్మాణంలోనే ఉంది. ఆట నలుగురిలోకి రాకుండా కొద్ది ప్రహరీల మధ్యే పెరగడం వల్ల ఆ క్షోభ మన దగ్గర రెట్టింపైంది.

టెన్నిస్ హైదరాబాద్ రాష్ట్రానికి కంటోన్మెంటు దారిలో వచ్చింది. సికింద్రాబాద్ క్లబ్ 1878లో, నిజాం క్లబ్ 1884లో మొదలయ్యాయి. ఇంగ్లీషు అధికారులు, నవాబులు, పెద్ద ఉద్యోగులు సాయంత్రం పూట ఆడుకునే ఆట అది. జిల్లాల్లో ఇది ఆఫీసర్స్ క్లబ్బుల రూపంలో అడుగుపెట్టింది. కలెక్టరు, తహసీల్దారు, డాక్టరు బదిలీ మీద వచ్చి ఆడేవారు, బదిలీ మీద వెళ్ళిపోయేవారు. ఊరివాళ్ళకు ఆ కోర్టుతో ఉన్న సంబంధమల్లా చాకిరీతోనే. నేల చదును చేయడం, రోలర్ లాగడం, నీళ్ళు చల్లడం, సున్నంతో గీతలు గీయడం, బంతులు ఏరివ్వడం వాళ్ళ పని. కోర్టు చూసుకుంటూ సభ్యులతో నాలుగు బంతులు ఆడే మార్కర్‌కు ఆట బాగానే వచ్చేది, సభ్యత్వం మాత్రం రాదు. సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. అలాంటి పట్నాల్లో కబడ్డీ, వాలీబాల్ జనంలోకి వెళ్ళి పాతుకుపోయాయి, టెన్నిస్ ప్రహరీ లోపలే ఉండిపోయింది. మట్టి లేకనో, పిల్లల్లో సత్తువ లేకనో జరిగింది కాదిది. గేటు దగ్గర నిలబెట్టినవాళ్ళు ఎవరన్నది ఇక్కడ అసలు కారణం.

ఆ తొలి తరానికి నిలువెత్తు ఉదాహరణ సయ్యద్ మహమ్మద్ హాదీ. 1899లో హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, పాయిగా ప్రభువుల ఆదరణలో పెరిగి, కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. ఆ ఏడూ, మరుసటి ఏడూ డేవిస్ కప్‌లో దేశం తరఫున దిగాడు. పదేళ్ళ తర్వాత, 1934-35లో, రంజీ ట్రోఫీ మొట్టమొదటిసారి జరిగినప్పుడు హైదరాబాద్ తరఫున మద్రాసు మీద అజేయంగా 132 పరుగులు చేశాడు. రంజీ చరిత్రలో తొలి శతకం అదే. హాకీ, ఫుట్‌బాల్, పోలో, చదరంగం, టేబుల్ టెన్నిస్ కూడా ఆడేవాడు కనుక, ఏడు ఆటల హాదీని రెయిన్‌బో హాదీ అనేవారు. అంత ప్రతిభకు ఎవరైనా చేతులెత్తి మొక్కాలి. అయితే ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. హాదీ టెన్నిస్ మ్యాచ్ ఓడితే ఆ సాయంత్రం పాడయ్యేది, అంతకు మించి ఏమీ కాదు. మర్నాడు హాకీ ఉంది, ఆ తర్వాత ఉద్యోగం ఉంది. ఆట మీద అన్నం ఆధారపడలేదు. హైదరాబాద్ నుంచి తర్వాతి తరంలో డేవిస్ కప్ ఆడి, చాలా ఏళ్ళకు దేశపు జట్టుకు కెప్టెన్‌గా కూడా పనిచేసిన ఎస్.పి. మిశ్రా కాలానికి కూడా ఈ పరిస్థితి పెద్దగా మారలేదు. వెనకటి ఆటగాళ్ళు మనోవ్యథల పేరెత్తలేదు కదా, ఇప్పటివాళ్ళకే ఎందుకిదంతా అని అడిగేవాళ్ళకు జవాబు ఇక్కడుంది. వెనకటివాళ్ళు ఆడిన ఆటా, ఇప్పటివాళ్ళు చేస్తున్న వృత్తీ ఒకటి కావు. పేరు ఒక్కటే ఉమ్మడి.

1968 నుంచి టెన్నిస్ పెద్ద టోర్నమెంట్లు డబ్బు తీసుకుని ఆడేవాళ్ళకు తలుపులు తెరవడం మొదలుపెట్టాయి. 1973లో పురుషులకు, 1975లో స్త్రీలకు కంప్యూటర్ ర్యాంకులు వచ్చాయి. ఆటగాడి మనసు మీద ఆ ర్యాంకుల ప్రభావం ఎంతో తెలియాలంటే అవి పనిచేసే పద్ధతి చూడాలి. ఒక వారంలో గెలిచిన పాయింట్లు యాభై రెండు వారాలే ఉంటాయి. ఏడాది తిరిగి అదే వారం వచ్చేసరికి అవి లెక్కలోంచి రాలిపోతాయి. మళ్ళీ అంతే గెలిస్తే ఉన్నచోట ఉంటారు, జ్వరమొచ్చి పడుకుంటే కిందికి జారతారు. ర్యాంకు జారితే పెద్ద టోర్నమెంటులో ప్రవేశం ఉండదు, ప్రవేశం లేకపోతే డబ్బు ఉండదు. విమానం టికెట్టు, హోటలు గది, కోచ్ జీతం, ర్యాకెట్ తీగెలు బిగించే ఖర్చు అన్నీ ముందే సొంత జేబులోంచి పోతాయి. మొదటి రౌండులో ఓడితే మిగిలేది రశీదులే. ముందుగా కౌలు చెల్లించి, పంట ఎంత వస్తుందో తెలియకుండానే అప్పు చేసి విత్తనం వేసే రైతు గుండెదడ ఎలాంటిదో సిద్దిపేట చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ ఆటలో కింది మెట్ల మీద ఉన్నవాళ్ళ బతుకు దానికి చాలా దగ్గర. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 లెక్కలు తీస్తే, ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడిన సుమారు పద్నాలుగు వేల మందిలో దాదాపు సగం మందికి బహుమతి సొమ్ము ఒక్క రూపాయి కూడా రాలేదు. కోచ్ ఖర్చు కలపకుండానే, పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పురుషుల్లో 336, స్త్రీలలో 253 దరిదాపుల్లో ర్యాంకు ఉండాలని తేలింది. దేశంలో అత్యుత్తమ సింగిల్స్ ఆటగాడిగా ఉన్న రోజుల్లోనే, 2023లో, సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో మిగిలింది తొమ్మిది వందల యూరోలని చెప్పాడు. ఇలాంటి వృత్తిలో రాత్రి నిద్రపట్టని మనిషిని బలహీనుడని ఎలా అంటాం?

ఈ వృత్తిలోకి మన నేల నుంచి పూర్తిగా దిగిన మొదటి పెద్ద పేరు సానియా మీర్జా. తొలి రోజుల్లో పేడ అలికిన కోర్టుల మీద ఆడానని ఆమే చాలాసార్లు చెప్పారు. మన ఇంటి ముంగిట అలుకు చల్లినట్టే, దుమ్ము లేవకుండా, బంతి కాస్త సమంగా లేచేలా చేసుకున్న ఏర్పాటు అది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచారు. అదే ఏడు హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు అందుకున్నారు. 2005 ఫిబ్రవరిలో సొంత ఊళ్ళోనే, హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలయ్యారు. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది. ఆ సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ నాలుగో రౌండు దాకా వెళ్ళి, ఏడాది చివరికి 31వ ర్యాంకులో నిలిచారు. మరుసటి ఏడు ఆ పాయింట్లన్నీ ఒక్కొక్కటిగా రాలడం మొదలైంది. కొత్త పిల్ల ఆట తీరు ప్రత్యర్థులకు అర్థమైంది కూడా. ర్యాంకు అరవైల్లోకి జారింది. అంతే, ఆమె పనైపోయిందని, ప్రకటనల మీద మోజు పెరిగిందని రాతలు, మాటలు మొదలయ్యాయి. 2007 ఆగస్టుకల్లా ఆమె 27వ ర్యాంకుకు చేరారు. ఆ స్థానానికి ఇప్పటిదాకా మరో భారతీయ మహిళ వెళ్ళలేదు. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి విషయంలో ర్యాంకు లెక్క సహజంగా చేసే పనిని కూడా మనం ఆమె గుణదోషంగా చదివాం.

ఆ మూడేళ్ళూ కోర్టు బయట జరిగింది మరీ దారుణం. 2005లో ఆమె ఆడే దుస్తుల మీద ఒక మతపెద్ద అభ్యంతరం చెబితే, కోల్‌కతా టోర్నమెంటులో పోలీసు కాపలా మధ్య ఆడాల్సి వచ్చింది. ఆ ఏడు చివర్లో ఒక చర్చావేదిక మీద అన్న మాటకు దిష్టిబొమ్మలు కాల్చారు. 2007 డిసెంబరులో మక్కా మసీదు దగ్గర ప్రకటన చిత్రీకరణ వివాదం. 2008 జనవరిలో జాతీయ జెండా దగ్గర కాళ్ళు ఎక్కడ పెట్టి కూర్చున్నారన్న ఫోటో వివాదం, దాని మీద కేసు. ఆట మానేద్దామా అనుకున్నానని అప్పట్లోనే ఆమె అన్నారు. స్వదేశంలో ఆడిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ వస్తోందంటూ బెంగళూరు టోర్నమెంటుకు దూరంగా ఉండిపోయారు. వీటన్నిటి కిందా కుడి మణికట్టు నొప్పి నడుస్తూనే ఉంది. ఒక దశలో ఆ చేత్తో తల దువ్వుకోవడం కూడా కష్టమయ్యేదట. శస్త్రచికిత్స చేయించుకుని బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్ళి, తొలి రౌండులోనే 1-6, 1-2 దగ్గర నొప్పి తాళలేక తప్పుకున్నారు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు డిప్రెషన్‌లో ఉన్నానని, కారణం తెలియకుండానే ఏడుపు వచ్చేదని, నెలకు పైగా భోజనానికి కూడా గది దాటలేదని ఆమె నోరు విప్పి చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2021లో నవోమి ఒసాకా డిప్రెషన్ పేరు చెప్పి ఫ్రెంచ్ ఓపెన్ నుంచి తప్పుకున్నప్పుడు కూడా, విలేకరుల ముందుకు రానందుకు ముందు పడింది పదిహేను వేల డాలర్ల జరిమానా. లోకం అప్పటికి కూడా అంత తడబడిందంటే, 2008 హైదరాబాద్‌లో ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయికి ఆ మాట పైకి అనే వీలు ఎక్కడిది?

ఇక్కడ సూటిగా ఒక అభ్యంతరం వస్తుంది. డబ్బు, పేరు, వెన్నంటి నిలిచిన తల్లిదండ్రులు, స్పాన్సర్లు అన్నీ ఉన్న మనిషి బాధ గురించి ఇంత చెప్పడమెందుకు, దుబ్బాకలో మగ్గం మీద నడుం వంగిన నేతన్న బాధ ముందు ఇదెంత అని. నేతన్న బాధ పెద్దదే, అందులో రెండో మాట లేదు. కానీ ఒకరి బాధను తూకానికి పెట్టి ఇంకొకరి బాధ లేదనడం న్యాయం కాదు. పైగా ఈ అభ్యంతరం వాదానికి బలమే చేకూరుస్తుంది. అన్నీ ఉన్న ఆమెనే ఈ వృత్తి గదిలో మూసేయగలిగితే, ఏమీ లేని పిల్లల మాటేమిటి? తండ్రి ఇమ్రాన్ మీర్జా చాలాకాలం స్వయంగా కోచింగ్ చూసుకున్నారు, కుటుంబం మొత్తం ఆమె చుట్టూ తిరిగింది. ఆ ఆసరా వల్లే ఆమె 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ రజతం గెలిచే దాకా లేచి నిలబడగలిగారు. విశాఖకు చెందిన సాకేత్ మైనేనిని చూడండి. భుజం గాయాలతో ఏళ్ళకేళ్ళు పోగొట్టుకుని కూడా 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం తెచ్చాడు, 2016లో అమెరికన్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడి ఐదు సెట్ల దాకా పోరాడాడు. అంత చేసినవాడి పేరు మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? గాయపడి మంచాన ఉన్న నెలల్లో ఇలాంటివాళ్ళకు పలకరింపూ లేదు, పద్దులోకి వచ్చే రాబడీ లేదు.

దీనికంటే గట్టి అభ్యంతరం బ్యాడ్మింటన్ నుంచి వస్తుంది. అదే హైదరాబాద్, అవే 52 వారాల ర్యాంకులు, అదే దేశం చూపు. మరి అక్కడ సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం ఎలా తెచ్చారు? ఒత్తిడి రెండు ఆటల్లోనూ ఒకటే అయితే తేడా మనోబలంలోనే ఉండాలి కదా అంటారు. తేడా ఏర్పాటులో ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం 2003లో గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, దాతలను కూడగట్టి, 2008లో అకాడమీ తెరిచారు. తెల్లవారుజామున పిల్లలందరూ ఒకే హాలులో సాధన చేస్తారు. ఆ పతకాల రోజుల్లో జాతీయ శిబిరం అక్కడే, జాతీయ కోచ్ అక్కడే. విదేశాలకు జట్టుగా వెళ్తారు, ఎంట్రీలు సంఘం పంపుతుంది, ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తుంది. ఓడి వచ్చిన పిల్లకు బస్సులో పక్క సీట్లో ఇంకో ఓడిన పిల్ల ఉంటుంది. టెన్నిస్‌లో ఆ పక్క సీటు ఖాళీ. కోచ్‌ను తామే పెట్టుకోవాలి, జీతం తామే ఇవ్వాలి, ఏడాదిలో ఇరవై ఐదు ముప్పై వారాలు ఒంటరిగా దేశాలు తిరగాలి. బ్యాడ్మింటన్‌లో మనస్పర్థలూ కన్నీళ్ళూ లేవని కాదు. సైనా 2014లో గోపీచంద్ దగ్గర్నుంచి బెంగళూరుకు వెళ్ళిపోయి, 2017లో తిరిగివచ్చారు. కాకపోతే వెళ్ళడానికి ఒక గూడు, తిరిగి రావడానికి ఇంకో గూడు ఉన్నాయి. హాదీ కాలం నుంచి ప్రహరీల లోపలే ఉండిపోయిన టెన్నిస్ అలాంటి గూడును కట్టుకోలేదు. ప్రతి తరంలో ఒక కుటుంబం తన పిల్ల కోసం మొదటినుంచీ అన్నీ సమకూర్చుకోవాల్సి వచ్చింది.

సానియా రెండో జీవితం ఈ మాటకు నేను చూపగలిగిన అన్నిటికంటే బలమైన సాక్ష్యం. గాయాలు వెంటాడి, 2013లో ఆమె సింగిల్స్ వదిలేశారు. దాన్ని చాలామంది ఓటమిగా రాశారు, డబుల్స్ అంటే సులువైన దారి అన్నారు. కానీ నెట్‌కు ఈ పక్క ఇంకొక మనిషి ఉన్నప్పుడు ఆమె ఏం చేయగలిగారో చూడండి. మార్టినా హింగిస్‌తో కలిసి 2015లో వింబుల్డన్, అమెరికన్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. ఇద్దరూ వరసగా 41 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యి, మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉన్నారు. అంతకుముందే మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళున్నాయి. డబుల్స్‌లో శరీరానికి శ్రమ తగ్గుతుంది, పోటీ కొంత పలచన అన్నది నిజమే. కానీ శ్రమ తగ్గినంత మాత్రాన ఎవరూ 41 మ్యాచ్‌లు వరసగా గెలవరు. చెడు పాయింటు పోయినప్పుడు పక్కనుంచి వచ్చే ఒక మాట, ఓడిన రాత్రి కలిసి తినే భోజనం, ఖర్చులో పాలు పంచుకునే మనిషి ఉండటం ఆటగాణ్ణి ఎంత మారుస్తాయో ఆమె రెండు జీవితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఊరి బరువు మాత్రం అప్పుడు కూడా దిగలేదు. 2014 జులైలో, కొత్తగా ఏర్పడ్డ తెలంగాణకు ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించి కోటి రూపాయల చెక్కు అందించింది సిద్దిపేట పక్క చింతమడకలో పుట్టి, సిద్దిపేట నుంచే శాసనసభకు వెళ్ళిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు. మర్నాటికే ఒక ప్రతిపక్ష నాయకుడు, పాకిస్తానీని పెళ్ళాడినందుకు, ఆమెను పాకిస్తాన్ కోడలన్నారు, ఇక్కడి మనిషే కాదన్నారు. దానికి జవాబుగా ఆమె ఇచ్చిన ప్రకటన మన క్రీడాచరిత్రలో దాచిపెట్టుకోవలసిన పత్రం. తల్లి ఆరోగ్యం బాగాలేక తాను ముంబైలో పుట్టానని, మూడు వారాల పసికందుగా హైదరాబాద్ వచ్చానని రాశారు. తాత నిజాం రైల్వేలో ఇంజనీరని, ముత్తాత గండిపేట కట్ట పనిలో ఉన్న ఇంజనీరని, ఆయన తండ్రి అజీజ్ మీర్జా 1908 మూసీ వరదల్లో సహాయక చర్యలు చూసిన హోం కార్యదర్శి అని వరసగా చెప్పుకొచ్చారు. నగరం తాగిన నీళ్ళ కట్ట వెనక తన వంశం ఉందని ఒక అంతర్జాతీయ క్రీడాకారిణి రుజువులు చూపించుకోవలసి వచ్చింది. ఆ వారం ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే అమెరికన్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిస్తే అందరూ మన అమ్మాయే అన్నారు. గెలిచిన రోజు కలుపుకుని, మిగతా రోజుల్లో తోసేసే ఈ పద్ధతిని ర్యాంకుల యంత్రం తయారుచేయలేదు. ఇది మన చేత్తో మనం కలిపిన బరువు. కోటి రూపాయల చెక్కు దాన్ని తేలిక చేయలేదు.

సానియా 2013లో మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో అకాడమీ మొదలుపెట్టారు. సిద్దిపేట 2016 అక్టోబరులో జిల్లా అయింది, 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చింది. అయినా ఇక్కడి పదేళ్ళ పిల్ల నిజంగా టెన్నిస్ నేర్చుకోవాలంటే, రాజీవ్ రహదారి మీద జేబీఎస్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి నగరం అవతలి అంచుకు ఇంకో ప్రయాణం, లేదంటే ఇల్లే ఎత్తేసి హైదరాబాద్‌కు మార్చడం. అలా వెళ్ళిన కుటుంబం పిల్ల మీద పెట్టే ఆశ ఎంత బరువుంటుందో ఊహించవచ్చు. మ్యాచ్ ఓడిన రోజు ఆ పిల్లకు తన ఓటమి ఒక్కటే కనబడదు, అమ్ముకున్న గుంట భూమి కూడా కనబడుతుంది. జిల్లా కేంద్రంలో నాలుగు కోర్టులు, జీతమిచ్చి పెట్టుకున్న ఒక కోచ్, కలిసి ఆడే పాతికమంది పిల్లలు ఉంటే ఆ బరువులో చాలా భాగం పుట్టకుండానే పోతుంది. మనస్తత్వ నిపుణుడు కావాలన్న డిమాండు కూడా న్యాయమైనదే, కాకపోతే అది దీని తర్వాత రావాల్సిన మెట్టు. 2023 ఫిబ్రవరిలో, దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడబోతున్న రోజుల్లోనే, రాయల్ చాలెంజర్స్ బెంగళూరు తమ మహిళా క్రికెట్ జట్టుకు సానియాను మెంటార్‌గా తీసుకుంది. బ్యాటింగ్ నేర్పడానికి కాదు, వేలంలో లక్షలు, కోట్లు పలికి ఒక్కసారిగా అందరి కళ్ళలో పడ్డ అమ్మాయిలకు ఒత్తిడిని ఎలా మోయాలో చెప్పడానికి. క్రికెట్‌కు ఆమె అనుభవం విలువ తెలిసింది. తెలుగు జిల్లాల్లో టెన్నిస్ ఆడే పిల్లలకు అదే అనుభవాన్ని చేరవేసే పని ఏ ప్రభుత్వమూ, ఏ టెన్నిస్ సంఘమూ ఇంకా భుజాన వేసుకోలేదు.